రెండో తొన

మా సైన్సు సారు పోయారని పోయిన నెల ఒకరోజు పొద్దున ఫోనొచ్చింది. ఆ సమయానికి నా నోట్లో చెంచాడు పాలున్నాయి. పుంగనూరు దగ్గర పాలు చల్లబరిచే కేంద్రంలో నా ఉద్యోగం. ఊళ్ళనుంచి వచ్చిన పాలను వాసన చూసి, కాచి చల్లార్చిన పాలు చెంచాడు నోట్లో వేసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, బాగున్నాయో లేదో చెప్పాలి. వెన్న ఎంతుందో మిషను చెబుతుంది. రుచి ఎట్లుందో మనిషే చెప్పాలి. ఫోనులో సారు భార్య. "పాపా, మీ సారు పోయినారు," అని చెప్పింది. రోజూ ఉమ్మేసే పాలను ఆ పొద్దు మింగేశాను.

ఆయన పెద్ద పేరున్న మనిషి కాదు. అవార్డులు రాలేదు, పేపర్లో ఫోటో పడలేదు. చేతిరాత బాగుండేది కాదు, బోర్డు మీద ఆయన వేసిన గుండె బొమ్మను చూసి ఆలుగడ్డ అనుకున్నవాళ్ళున్నారు. చౌడేపల్లె దారిలో ఉన్న మా ఊరి హైస్కూల్లో కొన్నేళ్ళు చెప్పారు, తర్వాత కుప్పం బదిలీ అయ్యారు, రిటైరయ్యాక మళ్ళీ మదనపల్లె సొంత ఇంటికే వచ్చేశారు. చొక్కా జేబులో సుద్దముక్కా ఎర్ర పెన్నూ పక్కపక్కనే పెట్టుకునేవారు కాబట్టి ఆ జేబు ఎప్పుడూ లేత గులాబీ రంగులో ఉండేది. సారు భార్యను మేమంతా మేడం అంటాం. ఆమె ఏ బళ్ళోనూ చెప్పలేదు, అయినా అట్లా అలవాటైపోయింది.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలంటే ఒక పండు గురించి రాయాలి. పంపరపనస. మదనపల్లె ఇంటి వెనక గోడవారగా ఆయనకు ఆ చెట్టుంది. కుప్పం వైపు అరవం కలిసిన మాటలో బంబ్లిమాస్ అంటారు. చిన్నపిల్లల తలంత కాయ, వేలు మందం తొక్క, లోపల తెల్లటి దూది, ఆ దూది తీస్తే తొనలు. ఈమధ్య బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ అని చిన్న పండ్లు తెస్తున్నారు కదా, అది పంపరపనసకూ బత్తాయి జాతికీ కలిసి పుట్టిన బిడ్డ అని సారే చెప్పారు. తల్లికున్న గుణమే బిడ్డకూ వచ్చింది. ఒకరు అమృతమంటారు, ఒకరు తూ అని ఉమ్ముతారు. మధ్యలో ఉండేవాళ్ళు తక్కువ. ఒకే చెట్టు, ఒకే కాయ, ఒకే తొన సగం చేసి చెరొకరికి పెట్టినా ఇదే సంగతి. ఎందుకిట్లా అనేది ఆయన జీవితంలో సగం పట్టుకున్న ప్రశ్న. ఆ ప్రశ్న ఆయనకు నావల్లే పట్టుకుంది. అది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాలుక పాఠం వచ్చింది. సారు మదనపల్లె నుంచి బస్సులో వస్తూ పసుపుపచ్చ సంచిలో నాలుగు పంపరపనసలు తెచ్చారు. ఆయన దగ్గర జేబురుమాల్లో చుట్టిన చిన్న కత్తి ఉండేది. కాయ తలమీద గుండ్రంగా కోసి, పైనుంచి కిందికి ఆరు గీతలు గీసి, తొక్కను పువ్వులాగా విప్పేవారు. తర్వాత ఒక్కొక్క తొనకూ పైపొర జాగ్రత్తగా వొలిచేవారు. ఉప్పు వేయలేదు. ఉప్పు వేస్తే చేదు అణిగిపోతుంది కాబట్టి వేయకూడదని తర్వాతెప్పుడో తెలిసింది, అప్పుడు మాత్రం ఉప్పు మరిచిపోయారనే అనుకున్నాం.

ఒక్కొక్కరం బల్ల దగ్గరికి పోయి, తొన తిని, ఎట్లుందో చెప్పాలి. సారు పొడుగాటి నోటు పుస్తకంలో పేరు రాసుకుని, పక్కన రుచి రాసుకునేవారు. ముందుపోయినవాళ్ళు తీపి అన్నారు, పులుపు అన్నారు. నా వంతు వచ్చింది. నోట్లో వేసుకున్నప్పుడు బాగానే ఉంది. కొరికాక రసం గొంతు దాకా పోయి, అక్కడినుంచి చేదు వెనక్కి తిరిగొచ్చింది. మాత్రను నోట్లో పెట్టుకుని నీళ్ళు మరిచిపోతే ఎట్లుంటుందో అట్లా.

"సేదుండాది సార్," అన్నాను.

క్లాసంతా నవ్వింది. సారు తల ఎత్తి చూశారు. అదే కాయలో ఆయనా ఒక తొన తిన్నారు.

"సేదా? యాడుండాది సేదు? అందరికీ తీపి, నీకు సేదా?"

"నిజం సార్, సేదే."

ఆయనకు కోపమొచ్చింది. ఆ కోపం ఎందుకో నాకు రెండేళ్ళ తర్వాత అర్థమైంది, అప్పుడు అర్థం కాలేదు. "మీ నాయన మార్కెట్లో టమోటా బాక్సులు మోసి నిన్ను సాకుతాండాడు. మీ ఇంట్లో నెలకొక పండన్నా సూస్తావా నువ్వు? పిలిచి పెడితే వంకలా?" అన్నారు. తర్వాత ఇంకో తొన తీసి నా చేతిలో పెట్టారు. "బాగా నమిలి సెప్పు."

నలభై జతల కళ్ళు నా నోటివైపే ఉన్నాయి. సారు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. తిన్నాను. మొదటిదానికన్నా ఎక్కువ చేదు, ఎందుకంటే మొదటిదాని చేదు ఇంకా పోలేదు.

"తియ్యగుండాది సార్."

"ఆఁ, అట్ల సెప్పు," అని నా పేరు పక్కన తీపి అని రాసుకున్నారు. నా తర్వాత పోయినవాళ్ళెవ్వరూ చేదు అనలేదు. ఎట్లా అంటారు?

బెంచీ మీదికొచ్చి కూర్చున్నాక నన్ను కాల్చింది చేదు కాదు, నాయన పేరెత్తడం. ఇంటికిపోయి అమ్మతో చెప్పుకుందామంటే అక్కడ అంతకన్నా అన్యాయం. కాకరకాయ తిననని, మెంతాకు పప్పు తోసేస్తానని నాకు ఇంట్లో అప్పటికే పేరుంది. "కూలికి పోయొచ్చి వండిపెడితే దీనికి వయ్యారాలు," అనేది అమ్మ. బళ్ళో సారు, ఇంట్లో అమ్మ ఇద్దరూ ఒకే మాట అంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా నాకు చేదు తెలుస్తోందా, లేక నేను నాటకాలాడుతున్నానా? పన్నెండేళ్ళ పిల్ల తన నాలుకను తనే నమ్మకుండా పోవడం ఎట్లుంటుందో పడినవాళ్ళకే తెలుసు. ఆ తర్వాత రెండేళ్ళూ ఏది పెట్టినా బాగుందనే చెప్పాను. జ్వరమొచ్చి ఒళ్ళు కాలుతున్నా బాగానే ఉందన్నాను.

మరుసటేడు సారుకు కుప్పం బదిలీ అయింది. బరువు దిగినట్టు అనిపించింది నాకు, నిజం చెప్పాలి కదా.

తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మా కాలనీలో మా ఇంటిముందు ఎవరో నిలబడి నాయన పేరు పెట్టి అడుగుతున్నారని అమ్మ చెప్పింది. బయటికొచ్చి చూస్తే సారు. చంకలో అదే పసుపుపచ్చ సంచి. కుప్పంలో ఎక్కి, వి.కోటలో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారి, పుంగనూరు నుంచి ఆటోలో వచ్చారు. మా కాలనీ ఇంటికి అయివారు రావడం అదే మొదలు. నాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ లేచి నిలబడ్డాడు. నేనేదో తప్పు చేశాననీ, అది రెండేళ్ళ తర్వాత బయటపడిందనీ అనుకున్నాను.

సారు నులకమంచం మీద కూర్చుని సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీశారు. అందులో వేలెడు పొడుగు తెల్లటి కాగితం ముక్కలు. "అయివార్లకు ట్రైనింగు పెట్టినారు," అన్నారు నాయనతో. "అందరికీ ఏదో మందు పూసిన ఈ కాగితం ఇచ్చి నాలిక మీద పెట్టుకోమన్నారు. నాకు ఉత్త కాగితం. నా పక్కనుండే ఆయన ఉమ్మేసి బయటికి ఉరికినాడు. ఇంకో ఆమె కండ్లల్లో నీళ్ళు. ముందు నాటకాలాడుతుండారనుకుంటిని. అంతమంది పెద్దోళ్ళు ఒకేతూరి నాటకమాడరు కదా." నా వైపు తిరిగారు. "అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు పాపా."

అందరికీ ఒక్కొక్క ముక్క ఇచ్చారు. నాయన చప్పరించి, "ఏముండాది సార్ దీంట్లో? రవ్వంత సేదు, అంతే," అన్నాడు. అమ్మ ఉత్త కాగితమే అంది. నేను పెట్టుకున్న క్షణంలోనే ఉమ్మేసి కడవ దగ్గరికి పరుగెత్తాను. అమ్మ నా వెనకే వచ్చి నా మొహం చూసింది. అంతకుముందెప్పుడూ అట్లా చూడలేదు.

అవ్వ గడపలో కూర్చుని ఉంది, నాయన తల్లి. ఆమె కూడా చెయ్యి చాపి ఒక ముక్క అడిగి తీసుకుంది. నోట్లో పెట్టుకుని నమిలింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఎట్లుండాది అవ్వా?" అన్నారు సారు.

"సేదు."

"కొంచెమా?"

"శానా సేదు."

అమ్మ ఆశ్చర్యపోయింది. "మరి కాకరకాయ పులుసు అంతంత తింటావే అత్తా? నీకు సేదు తెలీదనుకుంటినే."

"నాకు సేదుండాదా అని యెవురడిగినారు?" అంది అవ్వ. "పెట్టింది తింటిని."

సారు తల వంచుకుని ఆ కాగితాల పొట్లం మడతపెడుతూ ఉన్నారు, మడిచిందే మళ్ళీ మడుస్తూ. తర్వాత నాయనతో చెప్పారు. క్లాసులో జరిగింది మొత్తం, నాయన పేరెత్తి అన్న మాటతో సహా. నేను ఇంట్లో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. "మా నాయన కూడా వి.కోటలో మూటలు మోసినోడే," అన్నారు. "పండు పడేస్తే నాకు తట్టుకోదు. సిన్నప్పుడు ఆకలి సూసినోడ్ని. ఆ కోపం తెచ్చి నీ బిడ్డ మీద పెట్టినాను. తప్పు నాది."

నాయన కంగారుపడిపోయాడు. "అయ్యో, ఏం సార్, సిన్నబిడ్డకు ఇంత దూరం వచ్చి సెప్పాల్నా?"

"సిన్నబిడ్డనే కదప్పా అనింది. సిన్నబిడ్డకే సెప్పుకోవాల."

సంచిలోంచి ఆ పొడుగాటి నోటు పుస్తకం తీసి, నా పేరున్న పేజీ తెరిచి, జేబులో ఉన్న ఎర్ర పెన్ను నా చేతికిచ్చారు. నువ్వే కొట్టెయ్ అన్నారు. అయివారు రాసినదాన్ని, అయివారి ఎర్ర పెన్నుతో, అయివారి ఎదుట కొట్టెయ్యాలి. తీపి కొట్టేసి చేదు అని రాశాను. ఆయన ఆ పేజీలో మిగతా పేర్లు చూసి, "వీళ్ళల్లో ఇంకెంతమంది భయపడి తీపి అనినారో. ఈ పేజీ మొత్తం పనికిరాదు," అన్నారు. అవ్వ పేరు అడిగి కింద రాసుకున్నారు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మా ఇంట్లో పెద్ద మార్పేమీ రాలేదు. కాకరకాయ చేసిన రోజు అమ్మ నాకోసం రెండు వంకాయలు పక్కన వేయించేది, అంతే. అది నాకు చాలు. అవ్వకూ వేయించిపెడతానంటే అవ్వ వద్దనింది. ఇన్నేళ్ళు తిని తిని ఇప్పుడు ఆ చేదు లేకపోతే కూడు తిన్నట్టు లేదనింది. తర్వాత కలిసినప్పుడు ఈ సంగతి చెబితే సారు సంబరపడిపోయి పుస్తకంలో అవ్వ పేరు పక్కన 'చేదు, అయినా ఇష్టం' అని కలిపారు. తెలిసేది వేరు, నచ్చేది వేరు, రెండిటికీ మధ్య ఎంత తిండీ ఎంత కాలమూ ఉందో ఎవరికి తెలుసు అనేవారు. కాగితం చేదు వేరు, పండు చేదు వేరు అని కూడా తనే చెప్పేవారు. కాగితం తెలియని మనిషికి పండు తెలియొచ్చు, తిరగేసీ ఉండొచ్చు. తెలిసినంతే చెప్పి, మిగిలింది నాకు తెలీదు అనడం ఆయన దగ్గర చూశాను.

అప్పటినుంచి సారు పద్ధతి మారింది. పండు ఇచ్చి పక్కకు తిరిగి నిలబడేవారు. తినేవాళ్ళ మొహం చూసేవారు కాదు. బాగుందా అని ఎవర్నీ అడగలేదు. "బాగుందా అంటే మర్యాద సెప్తారు. ఎట్లుండాది అంటే రుచి సెప్తారు," అనేవారు. ఒకసారి పుంగనూరు బస్టాండులో పండ్ల బండి భాయి పంపరపనసలు పెట్టనన్నాడు, కొన్నవాళ్ళు తిరిగొచ్చి కొట్లాడుతున్నారట. సారు సంచిలోంచి ఒకటి తీసి, అక్కడే బండిమీద కోసి, భాయికి ఒక తొన ఇచ్చి రోడ్డువైపు తిరిగారు. భాయి తిన్నాడు. "కడ్వా ఉండాది సార్, సేదు," అన్నాడు. కాసేపాగి ఇంకొకటి తీసుకున్నాడు. "అందుకే బాగుండాది." ఆయన పేరూ పుస్తకంలోకెక్కింది. నేను డిగ్రీకి మదనపల్లె పోయేరోజుల్లో సారు వాళ్ళింటికి పోతే ఆ పుస్తకం బయటికొచ్చేది. అట్టలు ఊడి, మేడం పాత చీర అంచుతో కుట్టిన పుస్తకం. మొదటి పేజీలో మొదటి గీత మాత్రం ఖాళీ. అది ఎవరిదని అడిగితే తనదే అన్నారు. "నా నాలికకు సేదు తెలీదు. తెలీనోడు ఏం రాస్తాడు?" అనేవారు. నాకు మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ పంపరపనస పెట్టలేదు. వచ్చినవాళ్ళందరికీ పెట్టేవారు, నా ముందు మాత్రం వేరుశెనగలు, కాఫీ.

నాకీ పాల ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు ఆయన పెద్దగా నవ్వారు. "వంకలు పెట్టే నాలికకు జీతమిస్తాండారు సూడు," అన్నారు. నిజమే. ఇంకెవరికీ తెలియకముందే పాలల్లో చేదు నాకు తెలుస్తుంది. కానీ ఆయన నేర్పింది అది కాదు. చేరిన కొత్తలో చౌడేపల్లె దగ్గర ఒకామె పాలు చేదున్నాయని రెండురోజులు వరసగా వద్దన్నాను. మూడోరోజు ఆమె బిందె పట్టుకుని నా ముందుకొచ్చింది. "నా బిడ్డలు ఇవే తాగుతాండారు. వాళ్ళకు లేని సేదు నీకు యాడనుంచి వచ్చింది?" అనింది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నేనూ చెప్పడం లేదు. సాయంత్రం ఆమె ఆవుల కొట్టానికి పోయాను. ఏం మేపు వేస్తావమ్మా అని అడిగాను. ఎండలకు గడ్డి లేక వేపమండలు విరిచి వేస్తోంది. అవి మానేశాక వారంలోపలే పాలు సరిపోయాయి. ఆమె ఇప్పుడు నన్ను చూస్తే మజ్జిగ ఇవ్వకుండా పంపదు. సారుకు ఈ సంగతి చెబితే తల ఊపారు. మంచి పని చేశావని కూడా అనలేదు, అది మామూలు పనే అన్నట్టు.

ఆయన ఆరోగ్యం మూడేళ్ళుగా సరిగా లేదు. గుండెకూ కొవ్వుకూ మాత్రలు మొదలుపెట్టినప్పుడు డాక్టరు ఒకటే అడిగాడట, పంపరపనసగానీ గ్రేప్‌ఫ్రూట్‌గానీ తింటారా అని. తింటే ఆ మాత్రలు ఒంట్లో ఎక్కువైపోతాయి, మానేయండన్నాడు. చెట్టు పెరట్లో ఉన్న మనిషికి ఆ మాట. సారు ఆ రోజే మానేశారు. సైన్సు చెప్పినవాడు సైన్సు మాట వినకపోతే ఎట్లా అన్నారు. కాయలు మాత్రం కోసి, వొలిచి, వచ్చినవాళ్ళకు పెట్టి, ఎట్లుండాదో సెప్పు అంటూ గోడవైపు తిరిగి కూర్చునేవారు. వాళ్ళు చెప్పింది వింటూ గుటక వేసేవారు.

ఈ ఏడాది మామిడి పూత టైములో ఆయనే ఫోను చేశారు. గొంతు బాగా తగ్గిపోయి ఉంది. "పాపా, ఒకతూరి వస్తావా? నా మాట యెవురూ నమ్మడం లేదు," అన్నారు. ఆ మాట విన్నాక నేను సెలవు చీటీ కూడా రాయలేదు, పక్కన పనిచేసే ఆమెకు చెప్పి మదనపల్లె బస్సెక్కాను.

మంచం పక్కన కంచంలో రసమన్నం చల్లారిపోయి ఉంది. సారు సగం అయిపోయారు. మేడం వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఏడ్చిన మొహం. "పది దినాలుగా ఇదే గోల," అంది. "అన్నం సేదంట, నీళ్ళు సేదంట. నేనూ అదే కదమ్మా తింటాండాను. నలభై ఏండ్లు నా సేతి కూడు తిని, ఇప్పుడు సేదంటాడు."

"సేదుండాది," అన్నారు సారు. "నేనేం నాటకాలాడతానా?"

కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకున్నాను. పాలకు చేసినట్టే నాలుక అంతా తిప్పి చూశాను. చింతపండు, మిరియం, ఉప్పు. చేదు లేదు. ఆయన నా మొహం చూడకుండా గోడవైపు తిరిగి ఉన్నారు, అలవాటు.

లేదని చెప్పాలి. చెబితే ఆయన ఒంటరివారైపోతారు. ఉందంటే మేడం చేతిని అవమానించినట్టు, పైగా అది అబద్ధం. ఆయన దగ్గర ఒకసారి అబద్ధం చెప్పాను, అది చాలు.

"రసంలో సేదు లేదు సార్," అన్నాను. "మీ నోట్లో ఉండాది. రెండూ నిజమే."

మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాత్రల పెట్టె తెప్పించి చూస్తే, రెండు వారాలకిందట కొత్తది ఒకటి కలిపి ఉంది. డాక్టరుకు ఫోను చేశాం. కొందరికి ఆ మాత్రతో నోరు చేదవుతుందనీ, మారుద్దామనీ చెప్పాడు. అంతే. పది దినాలు ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు నమ్మక కుమిలిపోయారు. మేడం వంటింట్లోకి పోయి పెరుగన్నం కలిపి తెచ్చింది, చల్లగా. ఆరు ముద్దలు తిన్నారు.

తిన్నాక పుస్తకం తెమ్మన్నారు. మొదటి పేజీ తెరిచి, ఖాళీ గీత మీద వేలు పెట్టి, ఎర్ర పెన్ను నాకిచ్చారు. "నా పేరు రాయి. సేదు అని రాయి. ఇప్పుడు తెలిసింది."

రాశాను. ఆయన దాన్ని చాలాసేపు చూసుకున్నారు.

"పాపా, ఆ పొద్దు నీకు తెలిసింది ఇట్లే ఉండిందా?"

"మీ నోరు నాకేం తెలుసు సార్."

నవ్వారు. బాగా నేర్చుకున్నావు అన్నారు. నవ్వు ఆగిపోయాక కళ్ళు మూసుకున్నారు, నిద్రపోయారనుకుని పుస్తకం తీయబోయాను.

"ఇట్ల ఉంటే, ఆ రెండో తొన యెట్ల మింగినావు?"

నాకు ఏడుపొచ్చింది. ఎనభై పేజీల పుస్తకం నింపి, మూడు బస్సులు మారి వచ్చి తప్పు ఒప్పుకుని, ఇన్నేళ్ళు నాముందు ఆ పండు పెట్టకుండా ఉన్న మనిషి, ఇప్పుడు ఆ రెండో తొన దగ్గరికి చేరుకున్నాడు.

"మీరు సూస్తా ఉంటిరి సార్," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అట్లే ఉన్నారు, మేడం తెచ్చిన కాఫీ చల్లారేదాకా.

మాత్ర మార్చాక నోరు బాగైందని మేడం ఫోనులో చెప్పింది. అన్నం తింటున్నారనీ, కాకరకాయ కూడా అడిగారనీ చెప్పింది. గుండె మాత్రం బాగవలేదు.

కర్మలు అయిపోయిన రోజు నేను బయల్దేరుతుంటే మేడం పెరట్లోకి పోయి ఒక కాయ కోసుకొచ్చింది. నాకు ఆ ఇంట్లో పంపరపనస ఇవ్వరని ఆమెకు తెలుసు, ఎందుకివ్వరో కూడా తెలుసు. దాన్ని నా సంచిలో వేసింది. జేబురుమాల్లో చుట్టిన కత్తి కూడా వేసింది.

ఇంటికొచ్చి ఆ కత్తితోనే కోశాను. తలమీద గుండ్రంగా, పైనుంచి ఆరు గీతలు. పైపొర వొలిచి నా కూతురికి ఒక తొన ఇచ్చి కిటికీవైపు తిరిగాను. "తియ్యగుండాదిమా," అంది. దాని నాలుక దానిది. ఆడుకోవడానికి బయటికి పోయింది. నేనొకటి తిన్నాను. ముందు రసం, తర్వాత గొంతు దాకా పోయి వెనక్కి వచ్చే ఆ చేదు, ఏడో తరగతిలో ఎట్లుందో అట్లే ఉంది. నీళ్ళు తాగలేదు. పళ్ళెంలోంచి రెండో తొన తీసుకున్నాను. ఈసారి ఎదురుగా నిలబడి చూసేవాళ్ళెవరూ లేరు.